పట్టేసిన బోల్టు, తెలిసిన చెయ్యి

విజయవాడ ఆటోనగర్‌లో లారీ ఇంజను విప్పి బిగించగల మేస్త్రీలు చాలామందే ఉంటారు. తుప్పుపట్టి మొరాయించిన బోల్టును విరగ్గొట్టకుండా తీసే దగ్గర మాత్రం ఎవరి పనితనం ఎంతో తేలిపోతుంది.

ఇనుము తుప్పుగా మారితే ఉబ్బుతుంది. మరల మధ్య అసలే జాగా ఉండదు, ఉబ్బిన తుప్పు ఆ సందులో ఇరుక్కుని నట్టును బిగబట్టేస్తుంది. సైలెన్సర్ వైపు స్టడ్లకు, అంటే తల లేని బోల్టులకు, వేడి కూడా తోడవుతుంది. బండి తీసినప్పుడల్లా అవి కాలుతాయి, ఆపినప్పుడల్లా చల్లారుతాయి. అక్కడ బలం చూపిస్తే నట్టు రాదు, స్టడ్డు తెగుతుంది.

మంచి మేస్త్రి ముందుగా పానా పట్టడు. బయటికి కనబడే మరలను వైరు బ్రష్షుతో రుద్దుతాడు, నట్టు వాటి మీదుగానే కదా బయటికి రావాలి. తుప్పు వదిలించే నూనె చుక్కలు వేసి వేరే పని చూసుకుంటాడు. ఒక్కోసారి రాత్రంతా నాననిస్తాడు. ఆ తర్వాత బోల్టు తల మీద నిటారుగా నాలుగు సుత్తి దెబ్బలు. పలకలు అరిగితే ఇక పట్టు దొరకదు కాబట్టి ఆరు పలకల సాకెట్టే వేస్తాడు.

ఇక అంతా చేతిలోనే ఉంది. తుప్పు పట్టు వదిలితే టక్కుమంటుంది. చప్పుడు లేకుండా పానా మెత్తగా సాగుతోందంటే బోల్టు తిరగడం లేదు, మెలిపడుతోంది. ఆ తేడా పట్టుకున్న చెయ్యి అక్కడే ఆగుతుంది. కొంచెం వదులు, కొంచెం బిగింపు, మళ్లీ నూనె. అప్పటికీ రాకపోతే గ్యాస్ మంట. అదీ నట్టు మీదే, బోల్టు మీద కాదు. కాలిన నట్టు వ్యాకోచించి లోపలి పట్టు సడలుతుంది. దగ్గర్లో డీజిల్ పైపో రబ్బరు బుష్షో ఉంటే మంట జోలికే పోడు.

నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపించేది విరిగిన స్టడ్డును తీసే పద్ధతి. ఇంజను హెడ్డుకు సమానంగా తెగిన స్టడ్డు మీద ఒక నట్టు పెట్టి, దాని కంతలోంచి రెండింటినీ వెల్డింగుతో కలిపేస్తాడు. ఆ వేడికి స్టడ్డు సాగి తుప్పును నలిపేస్తుంది, చల్లారుతూ ముడుచుకుని పట్టు వదులుతుంది. ఇప్పుడు పానా వేస్తే తిరుగుతుంది. హెడ్డు అల్యూమినియందైతే ఇనుప వెల్డింగు దానికి అతుక్కోదు, అందుకే చుట్టూ ఉన్న మరలు చెక్కుచెదరవు. డ్రిల్లు పెట్టే పద్ధతీ ఉంది కానీ, అది కాస్త పక్కకు జరిగినా హెడ్డు మరలే పోతాయి.

ఈ పనంతా బిల్లులో ఒక్క స్టడ్డు ఖరీదుగానే కనిపిస్తుంది. దాని వెనక పోయిన పూట కూలికి బేరమాడకండి. సైలెన్సర్ స్టడ్లు తిరిగి బిగించేటప్పుడు మరలకు వేడిని తట్టుకునే యాంటీ సీజ్ గ్రీజు పూయమని మాత్రం అడగండి.