రేసు తర్వాత ఇరవై ఏళ్లు

పందేల కోసం పెంచే థరోబ్రెడ్ జాతి గుర్రం రెండేళ్ల వయసులో రేసుల్లో దిగుతుంది. మామూలుగా ఆరేడేళ్లు వచ్చేసరికి తప్పుకుంటుంది. బాగా చూసుకుంటే పాతికేళ్లు, ఒక్కోసారి ముప్పై ఏళ్లు బతుకుతుంది. పరుగెత్తే కాలం కన్నా పరుగు మానేశాక గడిపే కాలమే నాలుగింతలు. శిక్షణకూ పోటీకీ ఉన్న పద్ధతి, ఖర్చు, శ్రద్ధ ఆ రెండో భాగానికి దొరకవు.

రేసు మానిన గుర్రం ఏమవుతుందన్న ప్రశ్న హైదరాబాద్‌లో ముందుగా ఎదురయ్యేది నగరం తూర్పు దిక్కున. 1868లో మౌలాలిలో మొదలైన గుర్రప్పందేలను ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ 1886లో తన మహబూబ్ మాన్షన్‌కు దగ్గరగా, మలక్‌పేటకు తెప్పించాడు. 1961లో ఏర్పడిన హైదరాబాద్ రేస్ క్లబ్ 1968 నుంచి అక్కడే పందేలు నడుపుతోంది. వానాకాలం, చలికాలం అని రెండు సీజన్లు. పేరున్న దక్కన్ డెర్బీ అక్టోబర్ 2న జరుగుతుంది. మలక్‌పేట దాటితే దిల్‌సుఖ్‌నగర్, ఆపైన ఎల్.బి.నగర్. అక్కడి నుంచి విజయవాడ రోడ్డు, సాగర్ రోడ్డు ఊరి బయటికి పోతాయి. పెళ్లిళ్ల రోజుల్లో ఈ దారుల్లోని ఫంక్షన్ హాళ్ల ముందు పెళ్లికొడుకుని ఊరేగించే బారాత్ గుర్రాలు కనిపిస్తాయి.

రేసు మానిన గుర్రానికి ఉన్న దారులు కొన్నే. మంచి వంశానికి చెందిన ఆడగుర్రం ఈతకు స్టడ్ ఫారానికి పోతుంది. కాళ్లు గట్టిగా ఉన్నవాటిని రైడింగ్ స్కూళ్లు, పోలో ఆటగాళ్లు కొంటారు. మిగిలినవి చేతులు మారుతూ పోతాయి. బారాత్ పని వీటికి నప్పదు. పెళ్లివారు తెల్ల గుర్రాన్ని కోరతారు, థరోబ్రెడ్‌లలో ఎక్కువ భాగం గోధుమ రంగువి. పైగా చిన్న చప్పుడుకే ఉలిక్కిపడే జాతి ఇది. బ్యాండు, టపాసులు, జనరేటర్ లైట్ల మధ్య సిమెంటు రోడ్డు మీద లాడాలు జారితే గుర్రానికీ, పెళ్లికొడుకుకీ, పక్కనున్నవాళ్లకీ ప్రమాదమే.

చేతులు మారినకొద్దీ బాధ్యత పలచబడుతుంది. 2025 వేసవిలో హైదరాబాద్ నుంచి మధ్యప్రదేశ్‌లోని జబల్‌పూర్ దగ్గరికి తరలించిన 50కి పైగా గుర్రాల్లో కొన్ని చనిపోయాయి. వ్యవహారం అక్కడి హైకోర్టు దాకా వెళ్లింది. అమ్మకం కాగితంలో గుర్రం ఎవరి దగ్గర ఉండాలి, ఏ పనికి వాడకూడదు, పోషించలేకపోతే ఎవరికి తిరిగి అప్పగించాలి అన్న మూడు మాటలు రాసుకుంటే ఇలాంటి సమయంలో జవాబు చెప్పేవాళ్లు ఉంటారు. ఇంగ్లండ్‌లో 2000లో ఏర్పడిన రీట్రైనింగ్ ఆఫ్ రేస్‌హార్సెస్, అమెరికాలో 2012లో మొదలైన థరోబ్రెడ్ ఆఫ్టర్‌కేర్ అలయెన్స్ రేసింగ్ రంగం నుంచే డబ్బు సమకూర్చుకుని రేసు మానిన గుర్రాల బాగోగులకు సాయం చేస్తున్నాయి.

రేసు మానిన వెంటనే గుర్రాన్ని పచ్చిక మీదికి వదిలేయడం మేలు చేసినట్టు కనిపించినా హాని చేస్తుంది. అది అప్పటిదాకా రోజుకు చాలా గంటలు లాయంలోనే ఉండి, ఓట్స్ దండిగా తిని, తెల్లవారుజామున దౌడు తీసింది. దాణాను రెండు నుంచి నాలుగు వారాల్లో మెల్లగా తగ్గించి, ఆ మేరకు గడ్డి పెంచాలి. మేత ఒక్కసారిగా మారితే కడుపునొప్పి వస్తుంది. గుర్రం కక్కలేదు కాబట్టి ఆ నొప్పి ప్రాణం మీదికి తెస్తుంది. మొదట చేత్తో పట్టుకుని నడిపించాలి, తర్వాత చిన్న ఆవరణలో వదలాలి, చివరికి శాంతంగా ఉండే మరో గుర్రం తోడుగా పెద్ద మైదానంలో. లాడాలు తీసేసినా గిట్టల్ని ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి లాడాలు కొట్టే నాల్‌బంద్ చేత చెక్కించాల్సిందే.

గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదని తెలుగు సామెత. ఖర్చు విషయంలో అది అక్షరాలా నిజం. 450 నుంచి 500 కిలోల గుర్రానికి రోజుకు ఎనిమిది నుంచి పది కిలోల ఎండుగడ్డి కావాలి. నీళ్లు మామూలు రోజుల్లో 30 లీటర్ల దాకా, హైదరాబాద్ మే నెలలో ఇంకా ఎక్కువ తాగుతుంది. గోధుమ తవుడు చౌక, గుర్రానికి ఇష్టం కూడా. కానీ అందులో భాస్వరం ఎక్కువ, కాల్షియం తక్కువ. రోజూ అదే పెడితే ఎముకలు దెబ్బతింటాయి. లూసర్న్ గడ్డి కలిపితే ఆ లోటు కొంత తీరుతుంది. ఏటా ధనుర్వాతం టీకా, పేడ పరీక్షను బట్టి నులిపురుగుల మందు వేయించాలి. గుర్రాల నుంచి మనుషులకూ సోకే గ్లాండర్స్ ఉందేమో రక్త పరీక్షతో తెలుసుకోవాలి.

పద్దెనిమిది, ఇరవై ఏళ్లు దాటాక ముందు చూడాల్సింది నోరు. గుర్రం పళ్లు చాలా ఏళ్లపాటు చిగుళ్ల నుంచి పైకి వస్తూనే ఉంటాయి, నమిలేకొద్దీ అరుగుతాయి. అరుగుదల సమంగా లేకపోతే అంచులు కత్తుల్లా మారి బుగ్గల్ని కోస్తాయి. గడ్డిని సగం నమిలి ముద్దలుగా కింద పడేస్తుంటే పశువైద్యుడి చేత పళ్లు అరగదీయించాలి. పళ్లే మిగలని గుర్రానికి మేతను నానబెట్టి మెత్తగా పెట్టాలి. రేసుల్లో దెబ్బతిన్న మోకాళ్లు, గిట్టల పై కీళ్లు ఈ వయసులో బిగుసుకుంటాయి. నొప్పి తగ్గించే మందులు ఏళ్ల తరబడి వాడితే కడుపులో పుండ్లు పడతాయి. మెత్తటి నేల మీద రోజూ నడక ఉంటే వాటి అవసరం తగ్గుతుంది. ఎండలు ముదిరినా చలికాలపు బొచ్చు రాలకపోతే పిట్యూటరీ గ్రంథి జబ్బుని అనుమానించాలి. దాని వెంట గిట్టల లోపలి వాపు వచ్చే ప్రమాదం ఉంది.

గుర్రం ఒళ్లు చూసి అంచనా వేయడానికి 1983లో హెన్నెకె అనే పరిశోధకుడు రూపొందించిన ఒకటి నుంచి తొమ్మిది దాకా మార్కుల పద్ధతి ఉంది. ఐదు దగ్గర ఉంటే బాగున్నట్టు. పక్కటెముకలు చేతికి తగలాలి, కంటికి కనిపించకూడదు. నెలకోసారి ఈ మార్కు రాసిపెట్టుకుంటే బొచ్చు కింద దాగే బరువు నష్టం ముందే తెలుస్తుంది.

చివరికి లేవలేని, తినలేని, మందుకు లొంగని నొప్పితో ఉన్న గుర్రానికి పశువైద్యుడి చేతుల మీదుగా నొప్పిలేని మరణం ఇప్పించడం పోషణలో భాగమే. ఏ స్థితి వస్తే ఆ నిర్ణయం తీసుకోవాలో, ఎవరు తీసుకోవాలో, ఎక్కడ పాతిపెట్టాలో గుర్రం ఆరోగ్యంగా ఉన్నప్పుడే యజమాని, వైద్యుడు, సైసు కలిసి అనుకుని ఉంచాలి.