కూర్చున్నాకే బిగింపు

రైఫిల్ మీద టెలిస్కోపు పెట్టాలంటే ముందు ఒక లోహపు బద్ద బిగించాలి. స్కోప్ బేస్ అంటారు. మిషన్ మీద కోసిన ముక్కలే కదా, అతికినట్టు కూర్చుంటాయనుకుంటాం. చాలాసార్లు కూర్చోవు. పాలిష్ పట్టేటప్పుడే రిసీవర్ (బద్ద కూర్చునే రైఫిల్ భాగం) వెనక వైపు వెంట్రుకవాసి తరిగిపోయి ఉంటుంది. ముందు స్క్రూ బిగిస్తే వెనక సందు కనిపిస్తుంది, వెనకదీ బిగిస్తే సందు మాయమవుతుంది. పోయిందెక్కడికి? బద్ద వంగింది. దాని మీద టెలిస్కోపును పట్టి ఉంచే రింగులు వంకరపోయి, వాటి నడుమ గొట్టం నలుగుతోంది.

13 సెంటీమీటర్ల బద్ద ఒక కొసన 0.1 మిల్లీమీటరు దిగితే 100 మీటర్ల దూరాన గురి దాదాపు 7.7 సెంటీమీటర్లు తప్పుతుంది. ఆ తేడా కదలకుండా ఉంటే టెలిస్కోపు నాబ్ తిప్పి సరిచేసుకోవచ్చు. బలవంతాన వంచిన లోహం మాత్రం అదురుకు, ఎండకు కాస్త కాస్త సడలుతూ ఉంటుంది. నిన్నటి గురి ఇవాళ ఉండదు.

దీనికి మందు ఎపాక్సీ. అతికించడానికి కాదు, సందు నింపడానికి. రిసీవరుకు, స్క్రూల మరలకు ఎపాక్సీ అంటకుండా మైనం పూస్తారు. బద్ద అడుగును గరుకు చేసి, జిడ్డు తుడిచి, ఎపాక్సీ పలచగా రాస్తారు. సహజంగా ఆనే కొసన మాత్రమే స్క్రూ పట్టించి, ఎపాక్సీ గట్టిపడేదాకా రెండో కొసను వదిలేస్తారు. కష్టమంతా అక్కడే: చేతికి బిగించాలనే ఉంటుంది.

మన దగ్గర ఈ పని చూసినవాళ్లు తక్కువ. హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో అసలు టెలిస్కోపుకే అనుమతి లేదు. కానీ ఇదే విద్య తమిళనాడు హోసూరులోని సిప్‌కాట్ పారిశ్రామికవాడ చుట్టుపక్కల షెడ్లలో తుపాకీతో నిమిత్తం లేకుండా నడుస్తుంటుంది. అరిగిన లేత్ సాడిల్‌ను (పనిముట్టును మోస్తూ జరిగే భాగం) బెడ్ మీద సరిగా నిలబెట్టడానికి, బెడ్‌కు మైనం పూసి, సాడిల్‌ను డయల్ చూసుకుంటూ జాకింగ్ స్క్రూల మీద నిలిపి, సందులోకి ఎపాక్సీ ఎక్కిస్తారు. అక్కడి ఫిట్టర్ ఒకాయన నాతో అన్నది: "బిగిస్తే కూర్చుంటుందని అనుకోవద్దన్నా. కూర్చున్నాక బిగించాల."

అయితే ఎపాక్సీ దేన్నీ చదును చేయదు. ఆ ఒక్క జతకు మాత్రమే పొందిక కుదురుస్తుంది. బద్దను ఇంకో తుపాకీకి మార్చారంటే మళ్లీ మొదటికే. పొందిక వేరు, చదును వేరు: రెండు పలకలు ఒకదానికొకటి చక్కగా ఆనినా ఒకటి గుంటగా, రెండోది ఉబ్బుగా ఉండొచ్చు. అందుకే మూడు పలకలను మార్చి మార్చి ఆనించి, రంగు పూసి, ఎత్తు కనబడిన చోట గీకాలని 1840లో బ్రిటిష్ ఇంజనీరు జోసెఫ్ విట్‌వర్త్ వివరించాడు. నిజమైన చదునంటే అది.

ఆ చదునుకు ఇవాళ ఆధారం నల్లరాయి. కృష్ణగిరి క్వారీల రాయి సమాధులకూ, వంటింటి గట్లకూ పోతుంది. అలాంటి రాయినే మైక్రాన్ల లెక్కన సానబడితే సర్ఫేస్ ప్లేట్. ఇనుప పలకకు దెబ్బ తగిలితే అంచు పైకి లేచి కొలత చెడుతుంది. రాయికైతే పెచ్చు ఊడుతుంది, మిగతా చదును అలాగే ఉంటుంది. నాకు ఇనుము కంటే రాయి మీదే గౌరవం ఎక్కువ.

మళ్లీ ఎపాక్సీకి వస్తే, దానికి వాతావరణపు పట్టింపు ఉంది. హోసూరు దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉంది. డిసెంబరు చలిలో అక్కడ రాత్రి రాసింది ఉదయానికీ మెత్తగానే ఉండొచ్చు, ఇంకో రోజు ఆగాలి. 50 కిలోమీటర్లు కిందికి, కృష్ణగిరికి దిగితే మే నెల మధ్యాహ్నం కలిపిన డబ్బా రాసేలోపే వేడెక్కి బిగుసుకుంటుంది. అక్కడైతే కొంచెం కొంచెంగా కలపాలి, డబ్బాలో వదిలేయకుండా పళ్లెంలో పలచగా పరచాలి. ఇంకా మంచిది, పని తెల్లవారుజామున పెట్టుకోవడం.