మంచం కింద ఇద్దరు

గురజాడ నాటకం 'కన్యాశుల్కం' మొదటి అంకాన్ని తెరకెక్కించాలంటే ముందు మధురవాణి ఇంట్లో మంచం సంగతి తేల్చుకోవాలి. దాని కింద రామప్ప పంతులు అప్పటికే దూరి ఉంటాడు. పూటకూళ్లమ్మ చీపురు పట్టుకొచ్చేసరికి గిరీశమూ అక్కడికే దూరతాడు. దెబ్బ మాత్రం పంతులుకు పడుతుంది. నాటకంలో మంచం పైనా కిందా ఒకేసారి కనబడతాయి. నవ్వంతా అందులోనే ఉంది. కెమెరా ఒకసారి పైకీ ఒకసారి కిందికీ పోయిందా, అది కాస్తా తెగిపోతుంది.

ఆలంపూరు కాలేజీ పిల్లలు ఆ సీను ఫోన్లో తీస్తామంటే ఒకటే చెప్పాను: ఫోను గడప మీద పెట్టండి, మంచం మొత్తం కనబడాలి, మధ్యలో కట్ వద్దు. క్లోజప్ లేకపోతే ఎవడు చూస్తాడు సార్ అని గొణిగారు. తీశాక చూస్తే, పైన మధురవాణి తాపీగా తమలపాకుకు సున్నం రాస్తోంది, కింద పంతులు దెబ్బ పడకముందే కళ్లు గట్టిగా మూసుకున్నాడు. రిహార్సల్లో వాడు ఆ పని చేయనే లేదు!

నాటకాన్ని తెరకెక్కించడంలో రుమేనియా వాళ్లదీ ఇదే తంటా. గురజాడకు పదేళ్లు పెద్దవాడైన నాటకకర్త కరజాలే 1879 నాటి ప్రహసనాన్ని జాన్ జార్జెస్కు 1943లో సినిమాగా తీశాడు. అందులోనూ ఒక వాచాలుడు, పత్రికల భాషలో ప్రేమ ఒలకబోస్తూ ఇల్లు తప్పి దూరతాడు. గిరీశానికి వేలు విడిచిన తమ్ముడనుకోండి.

మన 'కన్యాశుల్కం' సినిమా 1955లో వచ్చింది, పి.పుల్లయ్య తీశారు. సావిత్రి మధురవాణి, సీఎస్సార్ రామప్ప పంతులు. గోవిందరాజుల సుబ్బారావు లుబ్ధావధాన్లు నాకు అన్నిటికన్నా ఇష్టం. చిక్కల్లా గిరీశం వేషంతోనే. ఎన్టీఆర్‌ని చూడగానే జనం సగం తప్పులు ముందే క్షమించేస్తారు. గురజాడ గిరీశానికి ఆ వెసులుబాటు లేదు, చివరిదాకా మాటలతోనే నెగ్గుకురావాలి.

ఆ మాటలు ఏ యాసలో? పలుకుబడుల భాషకు పట్టం కట్టిన కాళోజీ 'నా గొడవ'ను 1953లో శ్రీశ్రీ ఆవిష్కరించింది ఈ ఆలంపూరులోనే. ఇక్కడి నడిగడ్డ యాసలో పెడదామని పిల్లలు పట్టుబట్టారంటే తప్పేముంది? పూటకూళ్లమ్మకు ఒప్పుకున్నాను. విజయనగరం తిట్టు పోయినా చీపురు చేతిలో ఉందిగా. గిరీశాన్ని మాత్రం ముట్టుకోవద్దన్నాను. అతని ఇంగ్లీషు ముక్కలు విజయనగరంలోనూ అరువు సరుకే. ఆ వేషం కట్టిన కుర్రాడు వాటిని యూట్యూబ్ ఇంటర్వ్యూల్లో విన్న ధోరణిలో దంచేశాడు. దాని మీద నేను చెయ్యి పెట్టలేదు.