అక్వేరియములో వడపోత: వాడుకలోని ఒక పొరపాటు

విజయవాడలో చేపలతొట్టి కొనువారికి ఫిల్టరుతోపాటు దూది, స్పాంజి, బొగ్గు, సెరామిక్ రింగులు కూడ దొరకును. ఇవన్నియు మురికిని పట్టు జల్లెడలే యని తలచి, ఇండ్లలోను పాఠశాలలలోను వారమునకొకమారు కుళాయిక్రింద తెల్లబడువరకు ఉతుకుచుందురు. కొలది దినములకు చేపలు నీటిపైకి వచ్చి నోళ్లు తెరచుట కలదు. నీరు మాత్రము అద్దమువలె నుండును! ‘వడపోత’ యను మాటయే ఈ పొరపాటునకు కొంత కారణము.

కృష్ణా డెల్టాలో పూర్వము వరదనీటిని కడవలో పట్టి, చిల్లగింజ అరగదీసి తేర్చుకొనెడివారు. ఒండ్రు అడుగునకు దిగును. నీటిలో కరిగినది అట్లే యుండును. దూది చేయు పనియు నంతే. చేపలు మొప్పలద్వారా విడుచు అమ్మోనియా కంటికి కనబడదు, దూదికి చిక్కదు. దానిని మొదట నైట్రైటుగాను, పిమ్మట నైట్రేటుగాను మార్చునవి స్పాంజి రంధ్రములలో పొరగా పెరుగు సూక్ష్మజీవులు. క్లోరిన్ కలిపిన కుళాయినీటితో ఉతికినచో వానిలో పెక్కు నశించును. తొట్టినుండి తీసిన నీటిలోనే స్పాంజిని మెల్లగా పిండవలెను. విద్యార్థులకు నత్రజని చక్రమును ప్రత్యక్షముగా చూపగల సాధనమును మనమే వారమువారము కడిగి పారవేయుచున్నామన్నమాట. (ఈ పాఠములో నైట్రోసోమోనాస్, నైట్రోబాక్టర్ పేర్లే చెప్పుట అలవాటు. అక్వేరియములలో నైట్రైటును మార్చునవి ముఖ్యముగా నైట్రోస్పైరా వంటివని 1998లోనే తేలినది. రెండు మెట్లను తామే పూర్తిచేయు నైట్రోస్పైరాలు 2015లో బయటపడినవి.)

మొక్కలున్న తొట్టిలో లెక్క మారును. డెల్టా కాలువలలో పెరుగు హైడ్రిల్లా, వాలిస్నీరియాలు అమ్మోనియాను అమ్మోనియం రూపమున తామే ఆహారముగా గ్రహించును. మొక్కలు దట్టముగా నుండి, చేపలు కొద్దిగా నున్నచో ఒక ముతక స్పాంజి చాలును. ఖరీదైన రింగులు దండుగ. చేపలకు వేసిన మందును తరువాత తొలగించుటకు బొగ్గు పనికివచ్చును. కాని నిత్యము ఉంచుట అనవసరము. అది నిండిన పిమ్మట మరేమియు పట్టజాలదు. గాలిబుడగలు మితిమీరినచో మొక్కలకు కావలసిన బొగ్గుపులుసు వాయువు ఎగిరిపోవును.

అందముకొరకు గవ్వలు, ఆలిచిప్పలు వేయుట అంతకంటె చెరుపు. వానిలోని సున్నము కరిగి నీటి పి.హెచ్. విలువను పెంచును. 25 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద పి.హెచ్. 7 అయినచో మొత్తము అమ్మోనియాలో విషరూపము నూటికి ఒక పాలైనను ఉండదు. 8 అయినచో సుమారు 5 పాళ్లుండును. అదే నీరు వేసవిలో 30 డిగ్రీలకు వేడెక్కినచో 7 పాళ్లు దాటును. నీట కరుగగల ప్రాణవాయువు కూడ లీటరుకు 8.3 మిల్లీగ్రాములనుండి 7.6కు తగ్గును.

గులకరాళ్లను వేయుటకు ముందు రెండుమూడింటిపై సజల హైడ్రోక్లోరికామ్లము చుక్క వేసి చూడవలెను. నురుగు పొంగినచో ఆ రాళ్లలో సున్నము కలదు. అవి మొక్కల తొట్టికి తగవు.