వదులైన గేర్ రాడ్డు

పాత అంబాసిడర్‌లో స్టీరింగ్ పక్కనుండే గేర్ రాడ్డు వదులైతే చాలామంది గేర్‌బాక్సే పోయిందనుకుంటారు. మంచి మెకానిక్ తొందరపడడు. ఒకరిని రాడ్డు కదపమని చెప్పి, తాను బండి కింద దూరి, కదలిక ఏ కీలు దగ్గర మాయమవుతోందో చూస్తాడు. తప్పు తరచూ అరిగిన బుష్‌లోనో, కోలగా సాగిన పిన్ను రంధ్రంలోనో ఉంటుంది. కీలుకీలుకూ వెంట్రుకవాసి సందు; అన్నీ కలిసి చేతి దగ్గర బెత్తెడు ప్లే. బుష్‌లు మార్చి, న్యూట్రల్‌లో ఉంచి రాడ్ల పొడవు సర్దితే చాలు.

లింకేజీ మొత్తం కొత్తది వేస్తే పోలా అనొచ్చు. కానీ 2014లో తయారీ ఆగిన బండి అది. సామాను దొరికినా, సర్దడం తెలియకపోతే గేరు పడదు. వదులైన కీలుకు తీగ చుట్టి పంపేవాళ్లూ ఉన్నారు, నిజమే. అది ఊరు చేరడానికే. గేరు పడ్డాక జారిపోతుంటే మాత్రం లోపం గేర్‌బాక్స్ లోపలే ఉండొచ్చు. ఆ మాట ముందే చెప్పి, బుష్‌ల బేరం వదులుకునేవాణ్ణి నేను ఇంకా ఎక్కువ మెచ్చుకుంటాను.