కుర్చీని తిరగేసి చూసిన పుస్తకం

డెన్మార్క్ పాత భోజనాల బల్లలు, కుర్చీల మీద ఇంతకుముందు నా చేతికొచ్చిన పుస్తకాల్లో చాలావరకు ఫొటోలు చూపించి, ధరలు చెప్పి ఊరుకున్నాయి. ఈ పుస్తకం రాసిన నా శిష్యురాలు అలా ఊరుకోలేదు. కుర్చీని తిరగేసి అడుగు చూసింది. కూసం బెజ్జంలోకి ఎంత దిగింది, చెక్క చారలు ఎటు పోయాయి, తాడు ఎక్కడ ముడిపడింది అని వెతికింది. ఈ పుస్తకానికి ప్రాణం అక్కడుంది.

హాన్స్ వెగ్నర్ అధ్యాయాన్ని నేను రెండుసార్లు చదివాను. 1914లో టోండర్‌లో, చెప్పులు కుట్టే ఇంట పుట్టి, చిన్న వయసులోనే వడ్రంగం నేర్చినవాడాయన. 1949లో ఆయన గీసిన విష్‌బోన్ కుర్చీని కార్ల్ హాన్సెన్ సంస్థ 1950 నుంచి నేటికీ చేస్తూనే ఉంది. వెనక కాళ్లే వంపు తిరుగుతూ పైకి సాగి, ఆవిరి పట్టి వంచిన అర్ధచంద్రాకారపు కర్రను మోస్తాయి. ఆ ఒక్క కర్రే వీపుకీ చేతులకీ ఆసరా. సీటుకు సుమారు 120 మీటర్ల కాగితపు తాడు పడుతుంది. సీటు ముందు వెడల్పు, వెనక ఇరుకు. అందుకని ముందు మూలలు నింపుకుంటూ వచ్చి, రెండు వైపులా కొలత సమానమయ్యాకే అసలు అల్లిక సాగుతుంది. నులక మంచం అల్లిన చేతులకు ఈ లెక్క ఇట్టే అర్థమవుతుంది. రచయిత్రి దీన్ని బొమ్మ అక్కర్లేకుండా మాటల్లోనే కళ్లకు కట్టింది. ఆ పేజీలు చదివి నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

ఈ అందమంతా ఎవరో ఒక మేధావికి తట్టిన ఊహ కాదని ఆమె గట్టిగా వాదిస్తుంది. నాదీ అదే మాట. 1927 నుంచి 1966 దాకా కోపెన్‌హాగన్ వడ్రంగుల సంఘం ఏటా ప్రదర్శన పెట్టింది. గీసేవారు, చేసేవారు జంటలుగా పనిచేశారు. వెగ్నర్‌కు యోహానెస్ హాన్సెన్, ఫిన్ యూల్‌కు నీల్స్ వోడర్ అలా కుదిరినవాళ్లే. గీతలో ఎక్కడ కర్ర బలహీనపడుతుందో పనివాడు అక్కడికక్కడే చెప్పగలిగాడు. డబ్బున్న ఇళ్లకే ఈ కుర్చీలనుకుంటే అదీ పొరపాటే. బోర్గె మోగెన్సెన్ 1947లో సహకార సంఘం కోసం చేసిన జె39 కుర్చీ సామాన్యుడి వంటింటికి ఉద్దేశించింది. నా మటుకు నాకు అన్నిటిలోకీ అదే ఇష్టం.

పాత బల్ల కొనేవారికిచ్చిన సలహాలు క్లుప్తంగా, పనికొచ్చేలా ఉన్నాయి. పైన పరిచింది వెనీరా, నిండు చెక్కా అన్నది అంచు చూసి తెలుసుకోవాలి. కిందికి దాగే అదనపు పలకను లాగినప్పుడు, దాని అడుగునున్న ఏటవాలు కర్రలు దాన్ని బల్ల మట్టానికి లేపుతున్నాయో లేదో చూడాలి.

ఒక్క లోటుంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత డెన్మార్క్ కార్ఖానాలకు చేరిన టేకు సయాం, బర్మా వంటి దేశాల అడవులది. దాని గురించి ఇక్కడున్నది ఒక్క పేరా. గోదావరి టేకును ఎరిగిన మన పాఠకుడికి అది చాలదు. ఆ చెట్లు ఎవరు నరికారు, ఏ రేవులో ఓడకెక్కించారు అన్నది రెండో ముద్రణకల్లా ఒక పూర్తి అధ్యాయంగా రాయమని రచయిత్రిని కోరుతున్నాను.