మీటుకీ మీటుకీ మధ్య

అమ్మ ట్రంకుపెట్టె అడుగున, తాతగారి పొలం కాగితాల కింద, ఒక లెక్కల పుస్తకం దొరికింది. తెరిస్తే లెక్కలు లేవు. దాదాపు ప్రతి పేజీ పైనా ఒక తేదీ, ఊరు, రాగం పేరు. కింద వరసలుగా నిలువు గీతలు, గీతల మధ్య వంపులు, అక్కడక్కడా చుక్కలు. 1971 నుంచి 1976 దాకా ఉన్నాయి. ఊళ్ళు ఎక్కువగా కాకినాడ, రాజమండ్రి, పిఠాపురం.

"ఇవేమిటమ్మా?" అన్నాను.

"కచేరీలు" అంది, చిక్కుడుకాయలు ఈనె తీస్తూ.

అమ్మ కచేరీలకు వెళ్ళేదన్న సంగతే నాకు తెలీదు. పొద్దున్నే ఇంట్లో రేడియోలో వీణ వినిపించేది. అది పెట్టింది ఎవరో, ఎందుకో ఏనాడూ ఆలోచించలేదు. ఆ రోజుల్లో ఆవిణ్ణి మేనమామ వెంటబెట్టుకుని వెళ్ళేవాడట. కాకినాడ సరస్వతీ గానసభలోనో, నవమి పందిట్లోనో వీణ ఉందంటే చాలు, బయల్దేరేవారు. కచేరీ మొదట్లో వాయించే వర్ణం అయ్యేసరికి మామయ్య గుర్రు పెట్టేవాడు. అమ్మ పుస్తకం తీసేది.

నిలువు గీత అంటే మీటు. వంపు అంటే మీటకుండా ఎడమచేత్తో తీగను లాగి పలికించిన స్వరం. చుక్క అంటే చిటికెన వేలు తాళం తీగల్ని తాకిన చోటు. అమ్మ ఇంతే చెప్పింది. ఇది అర్థం కావాలంటే వీణ అర్థం కావాలని నాకు తరవాత తెలిసింది. అందుకోసం బొబ్బిలి దగ్గర గొల్లపల్లి వెళ్ళాను.

అక్కడ వీణలు చేసేవాళ్ళు పనస దుంగను ఎంచుకోవడంతో పని మొదలుపెడతారు. గుండ్రటి కుండా, పొడుగాటి దండీ అతుకు లేకుండా ఒకే దుంగలోంచి తీస్తే అది ఏకాండి వీణ. కుండను లోపల తొలిచి, పైన పలక మూస్తారు. దండి చివర యాళి అనే కల్పిత మృగం ముఖం, దాని దగ్గర కిందివైపు బుర్ర, పక్కన తీగలు బిగించే బిరడాలు. పలక మీద గుర్రం. దాని మీదుగా నాలుగు తీగలు దండి పొడుగునా వెళతాయి: సారణి, పంచమం, మంద్రం, అనుమంద్రం. మూడు తాళం తీగలు పక్కనుంచి వెళతాయి.

ఇదంతా చూడ్డానికి బావుంటుంది. నన్ను కట్టిపడేసింది మాత్రం మేళం కట్టడం. మైనంలో బొగ్గుపొడి కలిపి కాచి, దండికి రెండు వైపులా రెండు గట్లు పోస్తారు. ఆ గట్ల మీద ఇరవైనాలుగు మెట్లను అడ్డంగా నిలబెడతారు. యాళి వైపు ఎడంగా, కుండ వైపు వచ్చేకొద్దీ దగ్గరదగ్గరగా. పనివాడు తీగ మీటి, చెవి ఒగ్గి, మెట్టును వెంట్రుకవాసి జరిపి, మళ్ళీ మీటుతాడు. మేకులతో బిగిస్తే పని త్వరగా తెమలదా అని నేను అడిగాను. ఆయన నవ్వి, మైనం ఎండకు కరుగుతుంది, వీణ వయసుతో పాటు సర్దుకుంటుంది, అప్పుడు మేళం మళ్ళీ కట్టుకోవచ్చు, మేకులు కొడితే వీణ మూగబోతుంది అన్నాడు.

అంత జాగ్రత్తగా కట్టిన మెట్టు నిజానికి స్వరానికి గుమ్మం మాత్రమే. మెట్టు మీద నొక్కిన తీగను ఎడమచేతి చూపుడు వేలూ మధ్యవేలూ పక్కకు లాగుతాయి. తీగ బిగుస్తుంది, స్వరం పైకెక్కుతుంది. వదులుతుంటే మెల్లగా దిగుతుంది. ఒకే మెట్టు మీద ఇలా రెండు మూడు స్వరాలు పైకి వెళ్ళి రావచ్చు. తీగ కోసి వేళ్ళ కొసల్లో గాడి పడుతుంది. అందుకే వైణికులు నూనె దూది దగ్గర పెట్టుకుని మధ్యమధ్య వేళ్ళు అద్దుకుంటారు.

కుడిచెయ్యి మీటిన మోత మాత్రం కొన్ని క్షణాల్లో తగ్గిపోతుంది. తగ్గేలోగా ఎడమచెయ్యి ఏం చేసిందన్నదే విద్య. ద్రాక్షారామంలో పుట్టిన ఈమని శంకరశాస్త్రి, ఆయన శిష్యుడు కాకినాడ చిట్టిబాబు ఆ తగ్గుతున్న మోతను చివరిదాకా వాడుకున్నవాళ్ళు. వీణ మీద కోయిల కూసిందంటే చిట్టిబాబే గుర్తొస్తాడు. ఆ కూత మెట్టు మీద లేదు, లాగడంలో ఉంది.

ఇప్పుడు అమ్మ పుస్తకం చదవగలిగాను. 1973లో రాజమండ్రి, కల్యాణి. ఒక నిలువు గీత, దాని వెనక ఆరు వంపులు. అంటే ఒక్క మీటుకి ఆరు. తరవాతి వరసలో గీతలు దట్టంగా ఉన్నాయి, అది లయతో వరసగా మీటే తానం. ఇంకో పేజీ అంచున చిన్న అక్షరాలతో "నూనె అద్దుకున్నారు" అని ఉంది. అమ్మ ఎప్పుడూ వేదికకు కుడివైపు కూర్చునేదట. ఆడవాళ్ళకు వేసిన చాప అటువైపు కావడం ఆవిడ అదృష్టం. కూర్చున్నచోటి నుంచి వైణికుడి ఎడమచెయ్యి ఎదురుగా ఉంటుంది. మీటు వినడానికి ఎక్కడ కూర్చున్నా ఒకటే, లాగడం చూడాలంటే అక్కడే కూర్చోవాలి. ఇరవయ్యేళ్ళ పిల్ల ఇంత లెక్క వేసుకుందంటే, ఆవిణ్ణి అమ్మగా తప్ప ఇంకెలాగూ ఎరగని నాకు కాస్త సిగ్గేసింది కూడా.

చివరి పేజీలు కచేరీలవి కావు, ఇంట్లో ఉన్న చిట్టిబాబు క్యాసెట్ విని వేసినవి. ఆ క్యాసెట్ ఇంకా ఉంది. అందులో ఒక సంగతిని నేను నాలుగుసార్లు విన్నాను. నాకు నాలుగు మీట్లు వినిపించాయి. పుస్తకంలో మూడే గీతలున్నాయి.

"ఒకటి తప్పావు" అన్నాను.

అమ్మ చిక్కుడుకాయ పక్కన పెట్టి, ఒక్కసారి వింది.

"అది మీటు కాదురా. ఎడమచేతి వేలు మెట్టు మీద పడ్డ దెబ్బ. కుడిచెయ్యి ఖాళీగా ఉంది చూడు" అంది, క్యాసెట్‌లో చెయ్యి కనిపిస్తున్నట్టు.

మళ్ళీ వెనక్కి తిప్పాను.